నల్లబురద సరంగు

మా మరిది పడవ నడిపే సరంగు. సముద్రంలో దారి అతనికి నాలుకే చెప్పేది. తాడు చివర సీసపు గుండు, దాని అడుగున కాస్త సబ్బు. నీళ్ళలోకి వదిలి లాగితే అడుగుమన్ను సబ్బుకి అంటుకొస్తుంది. నాలుక మీద వేసుకుని, నల్లబురదైతే మన నీళ్ళనీ, ఇసుకైతే పక్కదేశమనీ తేల్చేవాడు.

"సబ్బు రుచిగా ఉందా అయ్యా?" అని వెక్కిరించేదాన్ని.

"నీ వంట కంటే నయం వదినా," అనేవాడు.

నా భర్త పోయిన మర్నాటి నుంచీ నా గడపలో చేపలు పెట్టాకే అతను తన ఇంటికి వెళ్ళేవాడు. నేను ఒక్కనాడూ మెచ్చుకోలేదు. పైగా చేపలు చిన్నవని సణిగాను.

ఇదివరకు హద్దు దాటితే అవతలి కాపలావాళ్ళు నాలుగు తిట్లు తిట్టి పంపేసేవారు. ఆ ఏడు రెండు దేశాల పెద్దలకూ సముద్రపు హద్దు గీత దగ్గర చెడింది. దాంతో గీత దాటిన మా మరిదిని అవతలివాళ్ళు జైల్లో పెట్టారు. మన నీళ్ళే అనుకుని నల్లబురద మీదే పట్టుబడ్డాడు పాపం.

ఏడు నెలలకి పెద్దలిద్దరూ కలుస్తున్నారని తెలిసింది. డబ్బాలో నల్లబురద పట్టుకుని, ఆ చర్చలకి కాగితాలు సిద్ధం చేసే ఆఫీసుకి వెళ్ళాను.

"అమ్మా, గీత కాగితం మీద ఉంటుంది. బురద దాని అవతల కూడా ఉంటుంది," అన్నాడు ఆఫీసరు.

"ఆ సంగతి అతనికెవరు చెప్పారు బాబూ? పొరపాటు పడ్డాడు, దొంగతనం చెయ్యలేదు. మీ పెద్దాయనకి అదే చెప్పండి."

అతను నవ్వలేదు. రాసుకున్నాడు.

పెద్దలు రెండు రోజులు కూర్చున్నారు. గీత సంగతి తేలక మళ్ళీ చూద్దామనుకున్నారు. తెలియక దాటినవాళ్ళని మాత్రం జైల్లో ఉన్నవాళ్ళతో సహా వెనక్కి పంపాలని సంతకాలు చేశారు. నా డబ్బా వల్లేనని నేనంటే ఇరుగుపొరుగు నవ్వుతారు. నవ్వనీ. ఆ ఇద్దరూ, ఆ ఆఫీసరూ చల్లగా ఉండాలి.

సంతకాలైన పదకొండో రోజున మరిది రేవులో దిగాడు, చిక్కి సగమై.

"అవతలా నల్లబురదే వదినా. తెలుసుకునొచ్చా," అన్నాడు.

"నువ్వు లేకపోతే నా పొయ్యి వెలిగేది కాదయ్యా," అన్నాను.

అతను కంగారుగా నా మొహంలోకి చూశాడు. "ఏంటి వదినా, ఒంట్లో బాగాలేదా?"

ఇప్పుడు పడవలో దారి చూపే మిషను పెట్టుకున్నాడు. అయినా గుండు వదులుతూనే ఉంటాడు. దానికి సబ్బు నేనే ఇస్తున్నాను. చేపలు మాత్రం ఇప్పటికీ చిన్నవే.