పక్కటెముకలు వెతికే ఆయన

కొత్తగూడలో పెంపుడు జంతువుల తిండి అమ్మే ఆయన, బస్తా ఇచ్చే ముందు కుక్క పక్కనే నేల మీద కూర్చునేవాడు. కళ్లు మూసుకుని దాని పక్కటెముకల కోసం వేళ్లతో తడిమేవాడు. మా లాబ్రడార్ అప్పటికి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది.

"బొక్కలు దొరుకుతలేవు మేడం. ఇంట్ల ఎవరెవరు పెడ్తరు దీనికి?"

"నేనొక్కదాన్నేనండి. అదీ కొలిచి."

ఆయన బస్తా ఇవ్వలేదు, ఖాళీ డబ్బా ఇచ్చాడు. "గిన్నెల పెట్టేది పెట్టుండ్రి. అది గాక ఎవరేం పెట్టాలనుకున్నా, రేపొక్కరోజు గీ డబ్బాల ఎయ్యుండ్రి."

నాకు ఒళ్లు మండింది. అయినా తీసుకెళ్లాను.

మర్నాడు సాయంత్రానికి డబ్బాకి మూత పడలేదు. అత్తయ్యగారి నెయ్యన్నం ముద్దలు, మావారి బిస్కెట్లు, అన్నిటికంటే ఎక్కువగా నేను అలవాటుగా తుంచి వేసిన దోసె అంచులు. సిగ్గుపడుతూ చూపిస్తే ఆయన నవ్వలేదు.

"అందరిండ్లల్ల గింతే మేడం. ఫికర్ చెయ్యకుండ్రి" అంటూ కొలిచే గ్లాసు మీద గీత గీసి, చిన్న సంచి ఇచ్చాడు. అమ్ముడుపోయే బస్తాను ఆపేసిన దుకాణదారుణ్ని నేనింకెక్కడా చూడలేదు.

కొన్ని నెలల తర్వాత ఓరోజు ఆయన వేళ్లు ఒకచోట ఆగాయి.

"ఇక్కడ చెయ్యి పెట్టుండ్రి మేడం."

పెట్టాను. బొచ్చు కింద, సన్నగా, ఒక ఎముక.