సైన్యం పత్రికలో మా అన్న ఫోటో

పులికాటు ఒడ్డున మా ఊళ్లో పోస్టులో పత్రిక వచ్చేది మా ఒక్క ఇంటికే. అది సైన్యం వాళ్ల పత్రిక. సిపాయిగా చేరిన మా అన్న పంపించేవాడు. తెల్లవాళ్ల కాలంలో ఉర్దూలో మొదలైందనీ, స్వాతంత్ర్యం వచ్చాక పేరు మార్చుకుందనీ, ఇప్పుడు తెలుగులో కూడా అచ్చవుతోందనీ సెలవుకు వచ్చినప్పుడు గొప్పగా చెప్పేవాడు. ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనే కాబట్టి, వలలు బాగుచేసుకునే మగవాళ్ల మధ్య కూర్చుని గట్టిగా చదివేదాన్ని. అప్పటి నా పొగరు చూడాలి!

చైనాతో గొడవ ముదిరిన ఏడాది అన్న ఉత్తరాన మంచుకొండల మీద ఉన్నాడు. అమ్మ గొర్రెలవాళ్లకు ఎండుచేపలిచ్చి మందపాటి గొంగళి తెచ్చింది. సూళ్లూరుపేట పోయి పార్సిలు చేద్దామని దాన్ని గోనెపట్టాలో చుట్టి కుట్టింది. సరిగ్గా ఆ వారమే పత్రిక వచ్చింది. అందులో ఫోటో: ఐదుగురు జవాన్లు, మెడదాకా బొచ్చు కోట్లు, నవ్వు మొహాలు. రెండోవాడు మా అన్న! జవాన్లందరికీ చలిబట్టలు అందాయని కింద రాసి ఉంది.

చేప ఎక్కడుందో, గాలి ఎటు తిరిగిందో, పడవేసుకుని పోయి కళ్లారా చూసొచ్చినవాడు చెబితేనే మావాళ్లు నమ్ముతారు. అందుకే నాయన పత్రికను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవురు చూసొచ్చినారు మే దీన్ని?"

"ఫోటో తీసినాయన చూసే గదా నాయనా తీసినాడు! కోటు అన్న ఒంటి మీదనే ఉండాది గదా!"

నాయన పత్రిక నా చేతికిచ్చేసి వల అందుకున్నాడు. అమ్మకే మనసొప్పలేదు. ఉంటే ఉండనీ, పంపిద్దామంది. అంత మంచి కోటు మీద ఈ గొంగళి కప్పుకుంటే అన్నను అందరూ ఎగతాళి చేస్తారని నేనే పట్టుబట్టి కుట్టు విప్పించాను.

చలికాలం దాటాక అన్న వచ్చాడు. రెండు పాదాలకూ వేళ్లు లేవు. మంచుకు చచ్చుబడితే ఆసుపత్రిలో తీసేశారట. నేను ఆ పత్రిక తెచ్చి చూపించాను.

"ఈ కోట్లు ఫోటో తీసినంతసేపే మే. మళ్లా విప్పించి, పెట్టెలో పెట్టి ఎత్తుకపోయినారు. మేం నూలు బట్టలతోనే ఉన్నాం."

నాకు ఒళ్లు మండిపోయింది. అచ్చులో ఉందని నేను నమ్మడమే కాదు, ఊరందరి చేతా నమ్మించాను. ఇంత పచ్చి మోసమా! ఆ కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చించి పారేశాను.

అన్న అమ్మ వైపు తిరిగాడు.

"మా జాబులు ఆఫీసర్లు చదివినాకనే పంపుతారమ్మా, అందుకే అడగలేకపోయినా. నువ్వే గొంగళి పంపుతావని దినామూ పోస్టు సంచి కాడికి పోయి చూసినా."

అమ్మ నా వైపు చూడనైనా చూడలేదు.

"మతికి రాలేదు అబ్బయ్యా" అంది.

తప్పు నాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. నాకు నోరు రాలేదు. అమ్మ పోయేదాకా, పోయాక కూడా, తల్లి తనను మరిచిపోయిందనే అన్న నమ్మాడు. నేను నమ్మనిచ్చాను.