పెళ్ళికొడుక్కి వేసిన కుర్చీ

నల్లులను నమ్ముకుని జీవితం పాడుచేసుకున్నవాడు లోకంలో ఉంటాడా అని మీరడిగితే, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో ఒకడున్నాడు. కుర్రబుద్ధితో వాడు చేసిన ఘనకార్యం చెబుతాను. వాడు నేనే కాబట్టి ఎంత తిట్టినా అడ్డుపడేవాళ్ళు లేరు.

మా పక్క క్వార్టర్‌లో వర్క్‌షాప్ ఫిట్టర్ అప్పలనాయుడు ఉండేవాడు. లైనంతా ఆయన్ని బాబాయ్ అంటుంటే నేనొక్కణ్ణే మామయ్యా అని పిలిచేవాణ్ణి. ఎందుకో మీకు వేరే చెప్పాలా? ఆయన కూతురు సరోజ. రోజూ సాయంత్రం అడ్డగోడ దగ్గర నిలబడి నాతో కబుర్లు చెప్పేది. ఆమె నవ్విన పూట నాకు ఆకలి తెలిసేది కాదు. ఆ సంగతి మాత్రం మూడేళ్ళయినా నోరు విప్పి చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే మామయ్య వచ్చాడు.

"మా సరోజని సూసుకోడానికి విశాఖపట్నం నుంచి వస్తన్నారురా. మీ కుర్సీలు కొంచెం ఇయ్యి."

మా లైనులో ఎవరింటికి చుట్టాలొచ్చినా చుట్టుపక్కల కుర్చీలన్నీ అక్కడికి చేరాల్సిందే. కుర్చీలు తేవడానికి లేచాను. అంతలోనే బుర్ర పనిచేసింది, అదే నా కర్మ. మా వసారాలో ఒక పేము కుర్చీ ఉంది. దాని అల్లికలో నల్లులు తరతరాలుగా కాపురం చేస్తున్నాయి. ఆన్‌లైన్‌లో తెప్పించిన మందు కొడితే ఇంకాస్త బలిశాయి. అందులో కూర్చున్నవాడు ఐదు నిమిషాల్లో లేస్తాడు, లేచినవాడు తిన్నగా స్టేషన్‌కు పోతాడు. ఇదీ నా పథకం.

"పెళ్ళికొడుక్కి ఇదెయ్యి మామయ్యా, మెత్తగుంటాది," అన్నాను.

"నీ మనసు బంగారంరా," అన్నాడాయన.

విశాఖపట్నం వాళ్ళు వచ్చాక అడ్డగోడ దగ్గర నిలబడి మామయ్య వసారాలోకి చూస్తున్నాను. పెళ్ళికొడుకు కూర్చున్నాడు. కదిలాడు. గోక్కున్నాడు. నాకు లోపల పండగ. చివరికి లేచాడు కూడా. కానీ వెళ్ళింది గేటు వైపు కాదు, కుర్చీ ఎత్తుకుని పెరట్లో ఎండలోకి.

"ఏటైనాది బాబూ?" మామయ్య కంగారుపడ్డాడు.

"ఏటీ నేదండి, నల్లులు. మాదీ రైల్వే క్వార్టర్సే, మాకిది అలవాటే," అని అతను సరోజ వైపు తిరిగాడు. "కొంచెం మరిగిన నీళ్ళు తెస్తారా?"

ఆమె గిన్నెతో తెచ్చింది. అతను కుర్చీ వంచి పట్టుకుంటే ఆమె అల్లికలోకి పోసింది.

"ఇటేపు కూడా పొయ్యండి, ఇంకా ఉన్నాయి."

"మీకెలా తెలుసు?"

"ఇందాకే పరిచయమైనాయండి."

సరోజ కడుపు పట్టుకుని నవ్వింది. మూడేళ్ళలో నేనామెను ఒక్కసారి కూడా అలా నవ్వించలేకపోయాను.

భోజనాల వేళకు సంబంధం ఖాయమైపోయింది. పెళ్ళిలో అక్షింతలు వేసి వేదిక దిగబోతుంటే సరోజ నన్ను ఆపి, మొగుడికి చూపించింది.

"ఆ కుర్సీ ఇచ్చింది ఈయనేనండి. ఈయన నేకపోతే మన పెళ్ళే నేదు."

అతను నా రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ చెప్పాడు. ఆమె విశాఖపట్నం వెళ్ళిపోయింది. సాయంత్రమైతే నా కాళ్ళు ఇప్పటికీ అడ్డగోడ దగ్గరికే లాక్కుపోతాయి. ఎంత బెంగో చెప్పలేను.

అందుచేత మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి మీద మనసైనా నేనే వెళ్ళి నోరు తెరిచి చెప్పుకుంటాను, ఆ పని నల్లులకు అప్పగించను. ఏం చెప్పాలో కూడా బాగా కంఠతా పట్టాను. వినడానికి సరోజే లేదు.