రెండు గ్లాసుల తలంబ్రాలు

పొద్దున స్నానం చేసి, పొయ్యి ముట్టించక ముందే నిర్మలాదేవి వసారాలో పీట వేసుకుని కూర్చునేది. ఒళ్లో చేట, చేటలో వడ్లు. ఒక్కో గింజ గోటితో ఒలిచి, "రామా" అనుకుని స్టీలు డబ్బాలో వేసేది. రోజుకు నూట ఎనిమిది. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి తలంబ్రాలుగా వెళ్లే బియ్యం కదా, వాటికి రోకలి తగలకూడదు, మర తగలకూడదు. దసరా నాడు మొదలుపెడితే, శ్రీరామనవమి దగ్గర పడేసరికి రెండు గ్లాసులు పోగయ్యాయి.

ఆమెకు భక్తి ఎంతో మతిమరుపూ అంత. పాలు కాచిన గిన్నెలోనే చింతపండు నానేసిన రోజులున్నాయి.

ఆ రోజు వంటింట్లో ఉండగా ఫోన్ మోగింది. ఊరూరా తలంబ్రాలు పోగుచేసి భద్రాచలం తీసుకెళ్లే రమణ.

"అక్కా, ఎల్లుండి పొద్దున బండి కదులుతది. తయారేనా?"

"అవ్ తమ్ముడూ. ఇగో, డబ్బా చేతులనే ఉంది."

నిజంగానే చేతిలో ఉంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఆమె మాట్లాడుతూనే ఉంది. చేతులు మాత్రం రోజూ చేసే పని చేసుకుపోయాయి. రెండు గ్లాసులు కొలిచాయి, కడిగాయి, కుక్కర్లో పోశాయి. "భద్రంగ చూసుకుంటలే" అంటూ మూత బిగించింది.

మధ్యాహ్నం భర్త పిచ్చయ్య మిర్చి తోట నుంచి వచ్చి, రెండు ముద్దలు తిని ఆగాడు.

"ఏందే ఈ అన్నం? ఎర్రగుంది, పలుకులు పలుకులుగుంది. దవడలు నొస్తున్నయ్."

నిర్మలాదేవి అలమర వైపు చూసింది. స్టీలు డబ్బా మూత తీసి ఉంది. లోపల ఒక్క గింజ లేదు. ఆ డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఆర్నెల్లయ్యా! రమణకు ఏం ముఖం పెట్టుకుని చెప్పాలె?"

సంగతి అర్థమయ్యాక పిచ్చయ్య కంచం వైపు చూసుకున్నాడు. "రాముడి తల మీద పడేటివి నా పొట్టల పడ్డయా?" అన్నాడు. అయినా ఒక్క మెతుకు పారేయలేదు. కళ్లకద్దుకుని, దవడలు నొక్కుకుంటూ అంతా తిన్నాడు.

సాయంత్రం పక్క తండా నుంచి సక్రి పాలు పోయడానికి వచ్చింది. విషయం విని, క్యాను చేత్తో పట్టుకునే గోడకు ఆనుకుని నవ్వింది. నిర్మలాదేవి కళ్లలో నీళ్లు చూశాక క్యాను కింద పెట్టింది.

"ఏడువకు అక్కా. సంచిల ఇంక వడ్లున్నయా? తే."

"నీ వాడిక పాలో?"

"బావ పోసొస్తడు. ఏం బావా, కాళ్లున్నయ్‌గా?"

గోళ్లు నిన్ననే తీయించుకున్న పిచ్చయ్య ఒక గింజను పంటితో ఒలవబోతే సక్రి చేట లాగేసుకుంది. "ఎంగిలి! నోట్ల పెట్టకు. నీకు పాలే నయం."

ఆ సాయంత్రమూ, మర్నాడు రెండు పూటలా పిచ్చయ్య ఇల్లిల్లూ తిరిగి పాలు పోశాడు. ఆడవాళ్లిద్దరూ వేళ్లు కందిపోయేదాకా ఒలిచారు. మర్నాడు పొద్దుగూకేసరికి అర గ్లాసు అయ్యాయి. నిర్మలాదేవి డబ్బాను కళ్లకద్దుకుని అలమరలో పెట్టింది. పక్కనే ఉన్న కుక్కర్‌ను చూసింది. వెంటనే ఫోన్ అందుకుంది.

"రమణా, ఒక్క సాయం చెయ్యి తమ్ముడూ. రేపటిదాకా ఆగకు, ఇప్పుడే వచ్చి ఈ డబ్బా తీస్కపో. పొద్దున మల్ల నేను వంట చెయ్యాలె."