అర లీటరు దూరం

పోయిన బుధవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే మల్కాజిగిరి నుంచి ఫోన్ వచ్చింది. నేను ఒకప్పుడు అద్దెకున్న ఇంటి ఓనరుకు చెల్లెలు. ఆయన్ని నేను మామా అని పిలిచేదాన్ని. "అన్న పోయిండు బిడ్డా. నిద్రలనే" అంది. ఇంకా ఎవరికి చెప్పాలని నన్నే అడిగింది. నాకూ ఎవరూ తట్టలేదు.

నాచారంలో మామ ఇంటి పైగదిలో మూడేళ్లున్నాను. నేను చేరేనాటికి ఆయన భార్య పోయి కొద్ది నెలలే. పిల్లలు లేరు. ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసి రిటైరైన మనిషి. అక్కడికొచ్చిన ఒక విదేశీ ఇంజనీరు వెళ్తూ వదిలేసిన మోటార్‌సైకిల్‌ని ఎప్పుడో కొనుక్కున్నారు. దానిది రోటరీ ఇంజన్. మామూలు బండ్లలోలా పిస్టన్ పైకీ కిందికీ ఆడదు. మూడు మూలల ముక్క ఒకటి లోపల గుండ్రంగా తిరుగుతుంది. చప్పుడు మెత్తన, దాహం ఎక్కువ. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు దాటేది కాదు.

దాన్ని పెంచాలని ఆయన పట్టుదల. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రాన్ని టంకంతో పూడ్చి, వెంట్రుకంత డ్రిల్లుతో మళ్లీ తొలిచేవారు. రంధ్రం మరీ సన్నమైతే ఇంజన్ కాగిపోయేది. మళ్లీ మొదలు. ప్లగ్ విప్పి ఎండలో పట్టుకుని చూసేవారు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలక ఆకలి, నల్లగా ఉంటే ఎక్కువై అజీర్తి, ఇటుక రంగుంటే ఆరోగ్యం. "స్క్రూ కండ్లతోని గాదు, చెవులతోని తిప్పాలె" అనేవారు.

సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని వీధిలో పోయే ప్రతి బండినీ వినేవారు. ఎదురింటి టీచర్ బండి ఇంజన్‌లోకి గాలెక్కువ పోతోందని నాకు చెప్పేవారు, ఆ టీచరుకు మాత్రం చెప్పేవారు కాదు. ఆయన దగ్గర ఎవరూ ఆగేవారు కాదు, ఆయనా ఎవర్నీ పిలిచేవారు కాదు. నాకు జ్వరం వస్తే మూడు రోజులు ఆ మెట్ల మీదే ఉండి, నా దగ్గు విని, ఇవాళ తగ్గిందని కింద నుంచే చెప్పారు. ఊరికి కొత్తదాన్ని. నన్ను అంత శ్రద్ధగా విన్నవాళ్లు అప్పటికి లేరు.

ఆదివారాలు నన్ను వెనక కూర్చోమనేవారు. ఒక మనిషి బరువు ఉండాలట. ట్యాంకు వంపేసి, అర లీటరు పోసి, ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ దారిలో బండి ఆగేదాకా వెళ్లేవాళ్లం. ఆగినచోట మీటరు చూసి నేను అంకె చదివేదాన్ని. సంచిలోని ఇంకో సీసా పోసుకుని తిరిగొచ్చేవాళ్లం. అర లీటరే ఎందుకని నేను అడగడానికి రెండేళ్లు పట్టింది.

అడిగితే చెప్పారు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక బంద్ నాడు భార్యకు గుండెనొప్పి వచ్చింది. ఆటోల్లేవు, పెట్రోలు బంకులు మూశారు. ట్యాంకు ఖాళీ, ఇంట్లో సీసాలో అర లీటరుంది. ఆమెను వెనక కూర్చోబెట్టుకుని సికింద్రాబాద్ దవాఖానాకు బయల్దేరారు. లాలాపేట్ ఫ్లైఓవర్ దిగగానే బండి ఆగిపోయింది. ఎవరో కారులో ఎక్కించుకునేసరికి ఆలస్యమైపోయింది.

"నేనెంత జేసినా గా పెట్రోలు దవాఖానా దాంక రాకపోతుండె అని తెల్వాలె బిడ్డా. గంతే నాకు గావాల్సింది" అన్నారు.

ఆ చలికాలంలో కార్బురేటర్ ఎన్నడూ లేనంత కుదిరింది. ఒక ఆదివారం అర లీటరు పోసుకుని ఆ దవాఖానా దారినే వెళ్లాం. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆయన వీపు బిగుసుకుంది. ఆగిపోతే బాగుండునని మనసులో అనుకున్నాను. ఫ్లైఓవర్ దిగాం. బండి వెళ్తూనే ఉంది. దవాఖానా గేటు ముందు ఆయన బ్రేకు వేశారు.

ఇంజన్ ఆపలేదు. వింటూ కూర్చున్నారు. కాసేపటికి పెట్రోలు అయిపోయి అదే ఆగింది.

"వచ్చింది" అన్నారు.

"అప్పుడు మీకింత పని తెలీదు కదా మామా" అన్నాను. నా కోసం తలూపారు.

ఆ తర్వాత ఆయన కార్బురేటర్ విప్పలేదు. ఉద్యోగం మారి నేను ఉప్పల్ వెళ్లిపోయాను. రెండు బస్టాపుల దూరమే అయినా వెళ్లింది తక్కువ. మొన్న వెళ్లేసరికి రాష్ట్రం వచ్చిన సంబరాల తోరణాలు వీధిలో ఇంకా ఉన్నాయి. మెట్ల మీద ఎవరో చెప్పులు విడిచారు.

ఆయన అనగానే నాకు ఆ ఆదివారం తిరుగుదారే గుర్తొస్తుంది. పెట్రోలు పోద్దామంటే వద్దన్నారు. ఇద్దరం తోసుకుంటూ వచ్చాం. ఫ్లైఓవర్ పైదాకా నేను వెనక నుంచి తోశాను. వాలు మొదలవగానే బండి తనంతట తనే కదిలింది, నేను చేతులు తీసేశాను. ఆయన ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేతిని ఖాళీ వెనక సీటు మీద ఆనించి, ఆ వాలు పొడవునా నెమ్మదిగా నడిచారు.