పెరట్లో ఎర్రచేపలు

మా నాన్నగారు పెరట్లో చేపల తొట్టి కట్టించడానికి కారణం రాజమహేంద్రవరంలో ఆయన నిలబడ్డ ఒక పూట. మా పొలాలకి నీళ్లొచ్చే కాలవ గట్టు సంగతి మాట్లాడాలని ఆయన ఇంజనీరు దొర బంగళాకి వెళ్లారు. నేనప్పుడు ఆ ఊళ్లోనే కాలేజీలో చదువుతున్నాను. నన్నూ వెంటబెట్టుకు వెళ్లారు. బంట్రోతు మమ్మల్ని వరండా మెట్లెక్కనివ్వలేదు, తోటలో ఉండమన్నాడు. అక్కడ ఇటుకలతో కట్టిన తొట్టి ఒకటి ఉంది. మొలలోతు నీళ్లలో ఎర్రటి చేపలు తిరుగుతున్నాయి. కొన్నిటి వీపు మీద తెల్లటి మచ్చలున్నాయి. పొద్దున్న వెళ్లినవాళ్లం ఎండ నడినెత్తికొచ్చేదాకా ఆ తొట్టి పక్కనే నిలబడ్డాం. చివరికి బంట్రోతు వచ్చి, "దొరగారు ఇవాళ చూడరు, వెళ్లండి" అన్నాడు.

ఇంకొకరైతే ఆ అవమానాన్నే తలుచుకుంటూ తిరిగొచ్చేవారు. మా నాన్నగారు మాత్రం చేపల్ని తలుచుకుంటూ వచ్చారు.

"ఏరా, అలాంటివి మన గోదాట్లో దొరకవు కదూ?" అని దారిలో అడిగారు.

"చీనా నుంచి ఓడల మీద కాకినాడకి వస్తాయటండి. తోటమాలి చెప్పాడు."

"అయితే మన పెరట్లోనూ కట్టిద్దాం. ఆ దొర తనిఖీకి మన వైపు రాకపోడు. వచ్చినప్పుడు మన పెరట్లో నిలబడి చూస్తాడు."

నిలబడి అన్న మాటని ఆయన ఒత్తి పలికారు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకే రోత పుడుతుంది.

మా ఊరు భీమవరానికీ నరసాపురానికీ మధ్య, కాలవ గట్టున ఉంది. మా పెరట్లో ఈశాన్యం మూల మా అమ్మ కూరపాదులుండేవి. తొట్టికి ఆ మూలే బాగుంటుందని నాన్నగారు తేల్చారు. "ఇంత పెరడుంది, ఆ మూల తప్ప ఇంకెక్కడా చోటు దొరకలేదాండీ?" అని అమ్మ ఒక్కసారి అడిగింది. "మిగతా చోట్ల ఎండ ఎక్కువ" అన్నారాయన. అమ్మ మర్నాడు పొద్దున్నే లేచి, పిందెలతో ఉన్న ఆనప పాదుని తన చేత్తోనే పీకి గట్టు అవతల పారేసింది. కూలీల చేత పీకించడం ఆవిడకి ఇష్టం లేకపోయింది.

గానుగలో సున్నం ఆడించి, ఇటుకలు పేర్చి, తొట్టి పూర్తిచేసేసరికి రెండు నెలలు పట్టింది. నాన్నగారు ఆ వారంలోనే చేపలు వదిలేద్దామన్నారు. వద్దన్నవాడు ఒక్కడే. నరసాపురం దగ్గర పల్లెకారుల పేట నుంచి మా ఇంటికి ఎన్నో ఏళ్లుగా చేపలు తెచ్చే మనిషి. వయసులో నాన్నగారికి సమానం. గోదాట్లోనే పుట్టి పెరిగాడు.

"కొత్త సున్నమండి బాబూ. అందులో ఏసిన చేప సాయంత్రానికి తేలిపోద్దండి" అన్నాడు.

"మరేం చెయ్యమంటావు?"

"మూడుసార్లు నీళ్లు పెట్టి తోడించెయ్యాలండి. ఆపైన అరటి బొందలు కోసి పడెయ్యాలి, అవి అందులో కుళ్లాలి. నెల్లాళ్లు పడద్దండి. ముందు నాలుగు పరిగ పిల్లల్ని ఏసి చూద్దారి. అయి బతికితే తమరి చీనా చేపలూ బతుకుతాయి."

నాన్నగారు విసుక్కున్నారు కానీ అతను చెప్పినట్టే చేశారు. మొదటిసారి వేసిన పరిగలు చచ్చాయి. రెండోసారి వేసినవి బతికాయి. అప్పుడు అతన్నే కాకినాడ పంపారు. ఓడ సరుకు దించే వర్తకుడి దగ్గర పదకొండు చేపల్ని రెండు పెద్ద మట్టి బానల్లో పెట్టించుకుని, కాలవ పడవలో బయల్దేరాడు. అయిదు రోజుల ప్రయాణం. బానల మీద తడి గోనెలు కప్పి, లాకు దగ్గర పడవ ఆగినప్పుడల్లా దిగి నీళ్లు మారుస్తూ, ఎండ ఎటు తిరిగితే బానల్ని అటు నుంచి ఇటు జరుపుతూ తెచ్చాడట. దారిలో రెండు చచ్చిపోయాయి. తొమ్మిది మా పెరట్లో దిగాయి. ఆ రోజు మా ఇంటి ముందు తిరునాళ్లే. నాన్నగారు తొట్టి గట్టు మీద కూర్చుని ప్రతివాడికీ చేపల్ని చూపించారు. వాటిని తెచ్చినవాడు పశువుల పాక దగ్గర కూర్చుని చద్దన్నం తిన్నాడు.

నీళ్ల దగ్గర చిక్కొచ్చింది. మా ఊరి నూతుల్లో నీళ్లు ఉప్పన. అందుకని నాన్నగారు మా పెరటి వెనక నుంచి పారే పంటబోదెకి గండి పెట్టించి, మట్టి గొట్టాలతో తొట్టిలోకి తూము వేయించారు. అనుమతి అడగలేదు. ఒక పక్క నుంచి నీళ్లు వచ్చి రెండో పక్క నుంచి మురుగుకాలవలోకి పోయేవి. అలా పారుతూ ఉంటేనే చేపలు హుషారుగా ఉంటాయని ఆయన మురిసిపోయేవారు. ఆ బోదె చివర చిన్న రైతులున్నారు. వాళ్లు వచ్చి తమ మడులకి నీళ్లు అందడం లేదని చెప్పుకున్నారు. "తొమ్మిది చేపలు తాగే నీళ్లెన్నిరా?" అని నాన్నగారు వాళ్లని నవ్వుతూ పంపేశారు.

మాఘమాసంలో దొర మా వైపు వస్తున్నట్టు కబురొచ్చింది. ఇంగ్లీషులో మాట్లాడటానికి నన్ను కాలేజీ నుంచి రప్పించారు. నాన్నగారు పట్టుపంచె కట్టుకుని, జరీ ఉత్తరీయం వేసుకుని కాలవ రేవులో పడవకి ఎదురెళ్లారు. దొర నిజంగానే మా పెరట్లోకి వచ్చాడు, వెనకే ఊరంతా వచ్చింది. మా పెరడు చూడాలని అతనికి ముందే ఉందని, బోదె చివరి రైతులు అతనికి అర్జీ పెట్టుకున్నారని మాకు తెలియదు.

అతను చేపల్ని చూడలేదు. వంగి తూముని చూశాడు. లేచి, తూము కేసి వేలు చూపిస్తూ నాతో ఇంగ్లీషులో, "ఈ నీళ్లెక్కడివి?" అన్నాడు.

"నూతివండి" అన్నాను.

అతను దోసిట్లోకి కాసిని నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "ఈ ఊరి నూతుల్లో తియ్యటి నీళ్లు లేవని నాకు తెలుసు. మీ నాన్నది మూర్ఖత్వం. నీది అబద్ధం. నీకంటే ఆయనే నయం. కింద జనం నీళ్లకి అల్లాడుతుంటే ఇక్కడ చేపలు ఆడుకుంటున్నాయి. పదిరోజుల్లో ఈ తూము పూడ్చమని ఆయనతో చెప్పు. లేకపోతే నా మనుషులు వచ్చి పూడుస్తారు." గొంతు పెంచకుండా చెప్పాడిదంతా. టోపీ పెట్టుకుని పడవ వైపు నడిచాడు.

నాన్నగారు నా నోటి వంకే చూస్తున్నారు. ఆయన మెడ మీద చెమట పట్టింది. "ఏమన్నార్రా?"

"చాలా బాగుందన్నారండి" అన్నాను. "రాజమహేంద్రవరంలో కూడా ఇంత అందంగా లేదన్నారు."

ఆయన మీద దయతో ఆ మాటన్నానని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. అది దయ కాదు, భయం. ఆ క్షణాన్ని ఎలాగో దాటేస్తే చాలనుకున్నాను. తరవాత తీరిగ్గా నేనే తూము మూయిస్తాననుకున్నాను.

నాన్నగారు నన్ను కావలించుకున్నారు. నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి. అప్పుడే పశువుల పాక దగ్గర నుంచి ఆ పల్లెకారి మనిషి ముందుకొచ్చాడు.

"తప్పయితే క్షమించండి బాబూ. ఆ దొరగారు మెచ్చుకున్నట్టు లేదండి. తూము కేసి ఏలెట్టి చూపించేరండి. నీళ్లు ఉమ్మేసేరు. ఓ మాటు కనుక్కోండి."

నాన్నగారి మొహం నల్లబడింది. "ఇంగ్లీషు చదివిన నా కొడుకు కంటే నీకెక్కువ తెలుసా?"

"ఇంగిలీసు తెలవదండి. మనిషి మొకం తెలుస్తది కదండీ."

"ఏరా, నువ్వు చెప్పు" అని నాన్నగారు నా వైపు తిరిగారు.

నేను నేల చూపు చూస్తూ, "వాడికేం తెలుసండి" అన్నాను.

నాన్నగారు అతన్ని చెంప మీద కొట్టారు. ఊరంతా చూస్తుండగా కొట్టారు. అతను చెంప తడుముకోనైనా లేదు. తలగుడ్డ సర్దుకుని, "వస్తానండి" అని వెళ్లిపోయాడు.

ఆ పదిరోజుల్లో నేను రెండుసార్లు ప్రయత్నించాను. "తూము కొన్నాళ్లు మూస్తే మంచిదేమోనండి" అన్నాను. "దొరే మెచ్చుకున్నాక మూయడమేంట్రా?" అని నవ్వారు నాన్నగారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బంధువులు రావడం మొదలుపెట్టారు. వచ్చిన ప్రతివాళ్లకీ ఆయన దొర మాటలు చెప్పేవారు. చెప్పిన కొద్దీ ఆ మాటలు పెరిగాయి. నేను కల్పించింది రెండు వాక్యాలు, ఆయన వాటిని ఒక ప్రసంగం చేశారు. వింటూ కూర్చోలేక పరీక్షల వంక పెట్టి రాజమహేంద్రవరం వెళ్లిపోదామనుకున్నాను. వెళ్లేలోపే వాళ్లొచ్చారు.

ఓవర్సీరూ, కాలవ కాసే లస్కరూ, పలుగులు పట్టుకున్న నలుగురు కూలీలూ. వాళ్ల వెనకే చివరి మడుల రైతులు. నాన్నగారు గట్టిగా నవ్వి, "ఏదో పొరపాటు పడ్డారు. దొరగారు స్వయంగా మెచ్చుకుని వెళ్లారు. అడగండి మా అబ్బాయిని" అన్నారు.

ఓవర్సీరు మర్యాదస్తుడు. గొంతు తగ్గించి, "పదిరోజులు గడువిచ్చారండి. మీ అబ్బాయిగారితోనే చెప్పారట కదండీ" అన్నాడు.

నాన్నగారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. అంతే, ఆయనకి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. గొట్టాలు పగలగొట్టి గండి పూడ్చేదాకా ఆయన ఎండలో అలాగే నిలబడ్డారు. రైతుల్లో ఎవడూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

తొట్టిలో నీళ్లు రోజురోజుకీ తగ్గాయి. అమ్మ తాగడానికి తెప్పించుకున్న కాలవ నీళ్లలోంచి రెండేసి బిందెలు తెచ్చి పోసేది. ఆ తొట్టంటే ఆవిడకి గిట్టదు, అయినా పోసేది. చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం మొదలుపెట్టాక నేను నరసాపురం దగ్గర పల్లెకారుల పేటకి వెళ్లాను. అతను గుడిసె ముందు వల బాగుచేసుకుంటున్నాడు.

"చేపలు చచ్చిపోతున్నాయి. వచ్చి తీసుకుపో. ఎక్కడైనా బతికించు" అన్నాను.

"అయిదు రోజులు ఆటి పక్కన కూకుని తెచ్చేనండి. చచ్చిపోతంటే నాకు మాత్రం బాగుంటదాండి? కానీ నే రాను బాబూ."

"తప్పు నాది. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

"ఆ రోజే తెలుసండి. మీరు నా మొకం చూడలేదు కదా." అతను వల మీంచి కళ్లెత్తలేదు. "ఇది నాతో చెప్పడం తేలికండి. నన్నెవరడుగుతారు? మీ నాయనగారితో చెప్పండి."

ఆ సాయంత్రం చెప్పాను. దొర అన్న ప్రతి మాటా తెలుగులో చెప్పాను. నాన్నగారు మధ్యలో ఒక్కసారి ఆపి, "మూర్ఖత్వం అన్నాడా?" అని అడిగారు. "అన్నాడండి" అన్నాను. తరవాత, "అప్పుడే చెప్పుంటే నేనే పూడ్చుకునేవాణ్ణిరా" అన్నారు. "వాణ్ణి కొట్టాను" అని, లేచి లోపలికి వెళ్లిపోయారు. అతన్ని పిలిపించి తప్పయిందని ఒక మాట చెబుతారని ఎదురుచూశాను. పిలిపించలేదు. తను తప్పు చేశానని ఆయనకి తెలుసు. ఒక పల్లెకారి ముందు దాన్ని ఒప్పుకోవడం ఆయన వల్ల కాలేదు. ఆ విషయంలో నేను ఆయన కొడుకునే.

చేపలు ఒక్కొక్కటిగా చచ్చిపోయాయి. అమ్మ వాటిని గంపలో వేసి గట్టు మీద పాతిపెట్టించింది. తొట్టి ఎండాక అందులో గడ్డి నిలవ చేశారు. నేను పరీక్ష ప్యాసయి, ఊళ్లోనే ఉండి వ్యవసాయం చూసుకున్నాను. నాన్నగారు నాతో పొలం సంగతులన్నీ మామూలుగానే మాట్లాడేవారు. కానీ కలెక్టరు కచేరీ నుంచో, కాలవల వాళ్ల దగ్గర నుంచో ఇంగ్లీషు కాగితం వస్తే, అరుగు మీద నేను కూర్చునున్నా, ఉత్తరీయం భుజాన వేసుకుని పక్క ఊరి బడిపంతులు దగ్గరికి నడిచి వెళ్లేవారు. వానొచ్చినా వెళ్లేవారు. నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. ఏ మొహంతో చెప్పను?

ఆయన మంచం పట్టిన ఏడు కూడా అలాంటి కాగితం ఒకటి వచ్చింది. "అబ్బాయి ఇక్కడే ఉన్నాడు కదండీ, చదివి చెబుతాడు" అంది అమ్మ. ఆయన కళ్లు మూసుకునే, "పంతులుగారికి కబురంపు" అన్నారు. పంతులు రెండు కోసులు నడిచి వచ్చాడు. నాన్నగారు నన్ను పేరు పెట్టి పిలిచి, పంతులుగారు కూర్చోడానికి పీట వెయ్యమన్నారు. వేశాను. పంతులు చదివినంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఒకచోట అతను తప్పు చదివాడు. నేను నోరు విప్పలేదు.