ఓబుళేసు రెండో భాగం

బుక్కరాయసముద్రం టూరింగ్ టాకీసులో చైనా సినిమా వేస్తే, తెర మీద వాళ్లేం మాట్లాడుకుంటున్నారో ఒక్కడికీ అర్థమై చావదు. అందుకే మైకు పట్టుకుని కథ చెప్పడానికి సోమప్ప ఉండేవాడు. పగలు వేరుశనగ చేను, సాయంత్రం మైకు. వీధినాటకాల్లో అరిచి అరిచి సానబెట్టిన గొంతు. ఆయనకు మాత్రం ఆ భాష వచ్చా ఏమిటి? తెర మీద కొట్టుకునేది చూసి నోటికొచ్చింది చెప్పేవాడు, జనం ఈలలేసేవారు.

డెబ్బై ఎనిమిదిలో వేసిన కరాటే సినిమాలో హీరో పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరిగేది కాదు. మొదటాటలో ఆ కుర్రాడు వెనక్కి తిరిగాడు. ఆ బక్క మెడ, ఆ నడక చూసి సోమప్ప నోరు జారింది. "ఓబుళేసు వస్తాండాడు సూడండి" అనేశాడు, ఇక అదే పేరు నిలిచిపోయింది. ఓబుళేసు ఆయన ఒక్కగానొక్క కొడుకు.

ఆ కొడుకు బతికి లేడు. కరువుకు ఊరొదిలి హొస్పేట పక్క కాలవ తవ్వే పనికి పోయి, మట్టిపెళ్ల విరిగి మీద పడితే పోయాడు. కబురందుకుని సోమప్ప ఒక్కడే వెళ్లి, ఆ గట్టునే పూడ్చి వచ్చాడు. గడపలో భార్య నారాయణమ్మ నిలబడి "యాడయ్యా పిల్లోడు?" అని అడిగింది. "బొంబాయి పక్క పనికి పోయినాడంట మే, వస్తాడులే" అన్నాడు. ఊరందరినీ నవ్వించి ఏడిపించే నోరు, ఇంట్లో ఒక్క మాట చెప్పలేకపోయింది. ఊళ్లోనూ ఎవరికీ చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఏళ్లు గడిచాయి. పాపం, ఏమని తిడతాం ఆయన్ని?

సినిమాలో కొడుకు పేరు వినపడుతోందని తెలిసి నారాయణమ్మ రోజూ వచ్చి ఆడవాళ్ల పక్క కూర్చునేది. కొట్లాటలు వస్తే తల వంచుకునేది. ఆఖర్లో హీరో అందర్నీ గెలిచి కొండల వైపు నడుస్తాడు. "ఓబుళేసు ఇంటికి పోతాండాడు. వాళ్లమ్మ సంగటి చేసి పెట్టి కాసుకోనుండాది" అని సోమప్ప చెప్పేవాడు. ఆ మాట కోసమే వచ్చినట్టు ఆమె లేచి ఇంటికెళ్లేది.

మరుసటేడు దానికి రెండో భాగం వచ్చింది. టాకీసు యజమాని నరసింహప్ప సోమప్పను ముందుగా అనంతపురం తీసుకెళ్లి చూపించాడు. తిరిగొచ్చే బస్సులో "ఎట్లుండాదప్పా?" అని అడిగాడు.

"ఫైటింగులు దానికంటే ఇదే మేలన్నా. గొలుసు పట్టుకోని బావి గట్టు మీద కొట్టుకునేది ఉండాదే, జనం కింద కూర్చోరు. ఆ పిల్లోడు కాలెత్తేది కంటికే ఆనదు. కానీ కథ యాడుండాది? అప్పుడు కొట్టేముందర ఒక్క మాటన్నా అడిగేవాడు. ఇప్పుడు అడిగేదే లేదు, నరికేదే. సచ్చినోడు ఎవుడో తెలిసేలోపల ఇంకోడు సస్తాడు. కడాకు హీరోనూ చంపేసినారు. ఎందుకు చంపినారో తీసినోనికే తెలీదు."

"నెత్తురుంటే సాలప్పా, ఆడుతుంది."

"ఈ తూరి పేరు మారుస్తానన్నా."

నరసింహప్ప నవ్వాడు. "నీకేమన్నా మతి పోయిందా? ఊరంతా ఓబుళేసు సినిమా అనే అంటాండారు. పేరు మారిస్తే డేరా పీకేస్తారు."

మరునాడే ఎద్దులబండికి మైకు కట్టి వీధుల్లో చాటించాడు. "ఓబుళేసు మళ్లా వచ్చినాడు" అన్న కేక విని నారాయణమ్మ పిండి చేతులతో వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. బండినీ, బండి మీది బొమ్మనూ చూసి లోపలికి వెళ్లింది. సోమప్ప అరుగు మీదే ఉన్నాడు. అదంతా చూసి ఆమె వెనకాలే లోపలికి వెళ్లాడు.

"నువ్వు ఈ సినిమాకు రావద్దు మే. అంతా నెత్తురు" అన్నాడు.

"మనోని పేరు చెప్తావు కదా. వస్తా" అంది.

ఆ సాయంత్రం డేరా కిక్కిరిసింది. గొలుసు కొట్లాటకు జనం ఊగిపోయారు. సోమప్ప గొంతు మాత్రం ఎప్పటిలా లేదు. ఆఖరి ఘట్టం రానే వచ్చింది. హీరో కత్తిపోటు తిని కూలబడ్డాడు, కళ్లు మూశాడు. ఏం చెబుతాడా అని అందరూ మైకు వైపు చూశారు.

"ఓబుళేసు..." అన్నాడు సోమప్ప. "ఓబుళేసు అలిసిపోయి పండుకున్నాడు."

డేరా అంతా గొల్లున నవ్వింది. "నెత్తురు కారతాంటే పండుకునేదేందప్పా, సచ్చిపోయినాడని చెప్పు" అని ఎవరో అరిచారు. మిగతావాళ్లూ అందుకున్నారు. సోమప్ప ఆడవాళ్ల పక్క చూశాడు. నారాయణమ్మ నవ్వడం లేదు, ఆయన్నే చూస్తోంది.

"సచ్చిపోయినాడు" అన్నాడు. "మన ఓబుళేసు సచ్చిపోయినాడు మే."

సినిమా కథలో పెళ్లాన్ని పిలిచే 'మే' ఎందుకొచ్చిందో జనానికి అర్థం కాలేదు. నారాయణమ్మకు అర్థమైంది. లేచి, కూర్చున్నవాళ్లను దాటుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది. మైకు ఆయన చేతిలోనే ఉండడంతో ఆమె అడిగింది డేరా అంతా విన్నది.

"తలకాయ దచ్చిణం పక్కనే పెట్టినావా?"

"ఆ పక్కనే పెట్టినా మే."

"మొగం మీద మన్ను పడకుండా ఏమన్నా కప్పినావా?"

"నా టవాలు కప్పినా" అన్నాడు సోమప్ప.